ఒంట్లో బొగ్గుపులుసు



మంచిర్యాల చుట్టుపక్కల బొగ్గు బాయి తెలియని ఇల్లు లేదు. శ్రీరాంపూర్, మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి. గోదావరి దాటితే గోదావరిఖని. తాత బాయిలో చేసిండు. తండ్రి చేసిండు. ఇప్పుడు కొడుకో అల్లుడో చేస్తున్నడు. అందుకే ఈ రోజు మాట బాయి దగ్గరే మొదలుపెడదాం.

భూమి లోపలి బాయికి పైన ఒక పెద్ద ఫ్యాను ఉంటుంది. రాత్రీ పగలూ అది తిరుగుతూనే ఉంటుంది. ఎందుకు? కింద పనిచేసే వాళ్ళకు చల్లగా ఉండాలనా? అది ఒక్కటే కాదు. బొగ్గు ఊరికే పడి ఉండదు. గాలిలోని ప్రాణవాయువును మెల్లమెల్లగా పీల్చుకుంటుంది. బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. మనుషులు వదిలే ఊపిరి, మందుగుండు పొగ దానికి తోడవుతాయి. ఆ చెడు గాలిని ఎప్పటికప్పుడు బయటికి పంపాలి. మంచి గాలిని లోపలికి తేవాలి. ఫ్యాను ఆగి గాలి చెడిపోతే పని నడవదు. మనుషుల్ని బయటికి తీసుకురావాలి.

దీనికి చట్టంలో లెక్క ఉంది. 2017లో వచ్చిన బొగ్గు గనుల నిబంధనల ప్రకారం, మనుషులు పనిచేసే చోట గాలిలో ప్రాణవాయువు నూటికి 19 పాళ్ళకు తగ్గకూడదు. బొగ్గుపులుసు వాయువు నూటికి అర పాలు దాటకూడదు.

మనిషి ఒళ్ళు కూడా అలాంటి బాయే. అక్కడా బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అక్కడా దాన్ని బయటికి తోడాలి. అక్కడా గీత దాటకూడని లెక్క ఉంది. ఆ లెక్క తప్పితే ఒళ్ళు ఒక గుర్తు చూపిస్తుంది. ఆ గుర్తు ఊపిరిలో కనిపిస్తుంది. దాన్ని ఇంట్లోవాళ్ళు కనిపెడితే ఒక ప్రాణం నిలబడవచ్చు. ఈ రోజు తెలుసుకోవలసింది ఇదే.

పేరులోనే ఉంది సంగతి

బొగ్గుపులుసు వాయువు. ఈ పేరు చూడండి. ఇందులో బొగ్గు ఉంది, పులుసు ఉంది. బొగ్గు కాలితే వచ్చే గాలి ఇది. నీళ్ళలో కలిస్తే నీళ్ళకు పులుపు గుణం వస్తుంది. గోలీ సోడా తాగినప్పుడు నాలుక చురుక్కుమంటుంది కదా. అది ఈ గాలి వల్లనే. ఇంగ్లీషులో దీన్ని కార్బన్ డయాక్సైడ్ అంటారు.

పులుపు గుణం ఉన్న పదార్థాన్ని ఆమ్లం అంటారు. చింతపండు, నిమ్మకాయ, పుల్ల మజ్జిగ, ఇవన్నీ ఆమ్లం ఉన్నవే. దీనికి ఎదురు గుణం ఒకటి ఉంది. సున్నం, సబ్బు, బూడిద నీళ్ళు, తినే సోడాల గుణం అది. దాన్ని క్షారం అంటారు. క్షారం అంటే మిరపకాయ కారం కాదు. పేరు దగ్గరగా ఉంది గానీ గుణం వేరు.

ఇంట్లోనే ఈ రెండింటినీ గుర్తుపట్టవచ్చు. కొంచెం పసుపు నీళ్ళలో కలపండి. అందులో కాస్త సున్నం వేయండి. ఎర్రగా మారుతుంది. పారాణి కలిపే ప్రతి ఆడబిడ్డకూ ఈ సంగతి తెలుసు. ఇప్పుడు అందులోనే నిమ్మకాయ పిండండి. ఎరుపు పోయి మళ్ళీ పసుపుపచ్చ వస్తుంది. అంటే ఆమ్లం, క్షారం ఒకదాన్ని ఒకటి అణచుకుంటాయి. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడేదీ ఇందుకే.

పులుపుకు ఒక కొలత

జ్వరాన్ని కొలవడానికి డిగ్రీలు ఉన్నాయి. పులుపును కొలవడానికీ ఒక లెక్క ఉంది. దాని పేరు పీహెచ్. 1909లో డెన్మార్క్ దేశంలో సోరెన్‌సన్ అనే శాస్త్రవేత్త ఈ లెక్కను తెచ్చాడు. మామూలుగా ఇది 0 నుంచి 14 వరకు ఉంటుంది. నడుమ 7. శుద్ధమైన నీళ్ళు 7 దగ్గర ఉంటాయి. అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు. అంకె పెరిగితే క్షారం పెరిగినట్టు.

నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది. కడుపులో అన్నం అరిగించే రసం కూడా ఇంచుమించు అంతే. మజ్జిగ 4 దాటి ఉంటుంది. సున్నపు తేట 12 దగ్గర ఉంటుంది. ఒక్క అంకె తేడా అంటే చిన్నది కాదు. ఒక్క అంకె దిగితే పులుపు 10 రెట్లు పెరుగుతుంది.

మరి నెత్తురు ఎంత? 7.35 నుంచి 7.45 వరకు. అంటే కొంచెం క్షారం వైపు. ఎంత సన్నని గీతో చూడండి. పచ్చిపులుసు తిన్నా, గట్క తిన్నా, మాంసం తిన్నా, పస్తున్నా ఈ గీత దాటదు. ఎండలో ఓపెన్‌కాస్టులో పనిచేసినా, ఇంట్లో పడుకున్నా నెత్తురు మళ్ళీ ఈ గీత మధ్యకే వస్తుంది. 7 కన్నా కిందికి పడితే ప్రాణం మీదికి వస్తుంది. పైకి 7.7 దాటినా అంతే.

ఎందుకింత పట్టింపు? పాలలో నిమ్మరసం పిండితే ఏమవుతుంది? విరుగుతాయి. పాలలోని మాంసకృత్తులు పులుపుకు రూపు మార్చుకుంటాయి. ఒంట్లో గుండెను ఆడించేవి, నరాలను నడిపించేవి, అన్నాన్ని శక్తిగా మార్చేవి చాలావరకు మాంసకృత్తులే. నెత్తురు పాలలాగా విరిగిపోదు. కానీ పులుపు పెరిగితే ఈ మాంసకృత్తుల పని దెబ్బ తింటుంది. గుండె బలం తగ్గుతుంది. మనిషికి మగత వస్తుంది.

పులుపు ఎక్కడి నుంచి వస్తుంది?

పొయ్యిలో కట్టె కాలితే వేడి వస్తుంది, పొగ వస్తుంది. ఒంట్లో అన్నం కాలితే శక్తి వస్తుంది, బొగ్గుపులుసు వాయువు వస్తుంది. మంట కనిపించదు, అంతే. పెద్ద మనిషి ఏ పనీ చేయకుండా కూర్చున్నా, ఒక రోజులో అర కిలోకు పైగా ఈ వాయువును ఊపిరితో వదులుతాడు. తట్ట మోసినా, పార పట్టినా అది ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇది కాక ఇంకా కొన్ని ఆమ్లాలు పుడతాయి. పప్పు, గుడ్డు, మాంసంలోని మాంసకృత్తులు అరిగినప్పుడు కొంత వస్తుంది. ఇది ఊపిరితో పోయేది కాదు. మూత్రంలోనే పోవాలి.

రోజంతా ఇంత పులుపు పుడుతున్నా నెత్తురు పుల్లబడదు. ఎందుకంటే ముగ్గురు కాపలా ఉన్నారు. మొదటి కాపలా నెత్తురే. రెండో కాపలా ఊపిరి. మూడో కాపలా మూత్రపిండాలు. బాయిలో మూడు షిఫ్టులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఈ ముగ్గురు మాత్రం అన్ని షిఫ్టులూ కలిసే చేస్తారు.

మొదటి కాపలా: నెత్తురు

పచ్చిపులుసులో చిటికెడు తినే సోడా వేసి చూడండి. బుసబుసా పొంగుతుంది. పులుపు తగ్గుతుంది. పొంగుతూ వచ్చిన బుడగలు ఏమిటి? బొగ్గుపులుసు వాయువే.

తినే సోడాలో బైకార్బొనేట్ అనే పదార్థం ఉంటుంది. అదే పదార్థం మన నెత్తురులోనూ ఉంది. ఎక్కడ పులుపు పుట్టినా వెంటనే పోయి పట్టుకుంటుంది. పులుపు విరిగి నీళ్ళు, బొగ్గుపులుసు వాయువు అవుతుంది. ఆ వాయువు ఊపిరితిత్తులకు చేరి బయటికి పోతుంది. ఈ పని కన్ను మూసి తెరిచేలోగా జరుగుతుంది.

నెత్తురుకు ఎరుపు రంగు ఇచ్చే హిమోగ్లోబిన్ కూడా ఈ పనిలో చేయి వేస్తుంది. ప్రాణవాయువును మోసేదీ అదే, పులుపును పట్టుకునేదీ అదే.

కానీ నెత్తురులో ఉన్న బైకార్బొనేట్ కొంతే. వాడుతూ పోతే అయిపోతుంది. దాన్ని నింపేవాళ్ళు ఉండాలి.

రెండో కాపలా: ఊపిరి

కొద్దిసేపు ఊపిరి బిగబట్టండి. ఎంతసేపు ఉండగలరు? కాసేపటికే లోపలి నుంచి ఎవరో తన్నినట్టు ఊపిరి తన్నుకొస్తుంది. ప్రాణవాయువు అయిపోయింది కాబట్టి అలా అవుతుందని చాలామంది అనుకుంటారు. ముఖ్య కారణం అది కాదు. నెత్తురులో బొగ్గుపులుసు పెరుగుతుంది. మెదడు అడుగున ఒక చోటు ఉంది. అది ఎప్పుడూ ఈ పులుపును చూస్తూనే ఉంటుంది. కాస్త పెరిగితే చాలు, "ఊపిరి తీయి" అని హుకుం ఇస్తుంది.

షిఫ్టు దిగి ఏటవాలు దారిలో పైకి నడిచి వచ్చే మనిషి రొప్పుతాడు. ఎందుకు? కండలు ఎక్కువ పని చేశాయి. బొగ్గుపులుసు పెరిగింది. పని మరీ ఎక్కువైతే లాక్టిక్ ఆమ్లం కూడా పెరుగుతుంది. ఊపిరి వేగం పెంచి ఒళ్ళు ఆ పులుపును బయటికి ఊదుతుంది. కాసేపు కూర్చుంటే ఊపిరి కుదుటపడుతుంది. అది మంచి రొప్పు. కూర్చున్నా తగ్గకపోతే, ఏ పనీ చేయకుండానే వస్తే, అప్పుడు అనుమానించాలి.

ఊపిరి ఈ పని చేయకపోతే ఏమవుతుందో 1952లో లోకానికి తెలిసింది. పులుపు కొలత పుట్టిన డెన్మార్క్‌లోనే, కోపెన్‌హాగన్ నగరంలో ఆ ఏడు పోలియో జబ్బు విరుచుకుపడింది. చాలామందికి ఊపిరి తీసే కండలు చచ్చుబడ్డాయి. నెత్తురు పరీక్ష చేస్తే అందులో క్షారం ఎక్కువైనట్టు కనిపించింది. డాక్టర్లకు అంతు పట్టలేదు. ఇబ్సెన్ అనే డాక్టరు వేరే మాట చెప్పాడు. "ఇది క్షారం కాదు. బయటికి పోలేక నిలిచిపోయిన బొగ్గుపులుసు. దాన్ని తోడేయాలి" అన్నాడు. గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ ఊపిరి పోయించాడు. చావుకు దగ్గరగా ఉన్న 12 ఏళ్ళ పాప బతికింది. తర్వాత సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతుల వారీగా మంచాల పక్కన కూర్చొని, రాత్రీ పగలూ సంచులు నొక్కారు. చావులు బాగా తగ్గాయి. ఈనాటి పెద్ద దవాఖానల్లో ఐసీయూ అనే వార్డు పుట్టింది ఆ అనుభవం నుంచే.

మూడో కాపలా: మూత్రపిండాలు

నడుము పైన వెన్నుకు అటూ ఇటూ రెండు మూత్రపిండాలు ఉంటాయి. వీటినే కిడ్నీలు అంటాం. ఇవి ఒక రోజులో సుమారు 180 లీటర్ల నీటిని నెత్తురు నుంచి వడపోస్తాయి. అందులో దాదాపు అంతా తిరిగి తీసుకుంటాయి. లీటరో లీటరున్నరో మాత్రమే మూత్రంగా పోతుంది.

తిరిగి తీసుకునే దాంట్లో బైకార్బొనేట్ ముఖ్యం. దాన్ని పోనివ్వవు. అయిపోయిన దాన్ని కొత్తగా తయారు చేసి నెత్తురులో నింపుతాయి. ఊపిరితో పోని ఆమ్లాన్ని మూత్రంలోకి నెడతాయి. ఆ ఆమ్లాన్ని మోసుకుపోయే కూలీలు ఇద్దరు. ఒకటి అమ్మోనియా. రెండోది భాస్వరం నుంచి వచ్చే ఫాస్ఫేటు. ఊపిరి నిమిషాల్లో పని చేస్తుంది. మూత్రపిండాలకు రోజులు పడుతుంది. కానీ లెక్క పూర్తిగా సరిచేసేది ఇవే.

ఈ భాస్వరం సంగతిలో ఒక తెలుగు మనిషి పేరు ఉంది. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. అమెరికా పోయి హార్వర్డ్‌లో పనిచేశాడు. అక్కడి ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, నెత్తురులో మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఎన్నో ఏళ్ళు లోకంలోని ప్రయోగశాలలు ఈ ఇద్దరి పేరుతోనే ఆ పరీక్ష చేశాయి. కండలకు బలం లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని అప్పట్లో అనుకునేవారు. కండల్లో శక్తిని దాచే భాస్వరం పదార్థం వేరే ఉందని ఈ ఇద్దరే 1927లో చూపించారు.

సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు చిన్న వయసులోనే పోయారు. స్ప్రూ అనే విరేచనాల జబ్బు వాళ్ళను తీసుకుపోయింది. ఆయన 1948లో పోయాడు. విరేచనాల జబ్బులు మాత్రం ఇంకా పోలేదు. కాపలా ఓడిపోయే సందర్భాల్లో మొదటిది అదే.

విరేచనాలు: పోయేది నీళ్ళు ఒక్కటే కాదు

పేగుల్లోని నీళ్ళలో బైకార్బొనేట్ ఎక్కువ ఉంటుంది. విరేచనాలు పట్టుకుంటే నీళ్ళతో పాటు అదీ పోతుంది. ఉప్పులూ పోతాయి. అంటే మొదటి కాపలావాడి చేతిలో కర్ర పోయినట్టే. నెత్తురులో పులుపు పెరుగుతుంది. అప్పుడు ఊపిరి మీద భారం పడుతుంది. బిడ్డ లోతుగా, వేగంగా ఊపిరి తీస్తుంది. కళ్ళు లోపలికి పోతాయి. ఏడిస్తే నీళ్ళు రావు. మూత్రం రాదు.

చూసినవాళ్ళు "దమ్మొచ్చింది, సలిచేసింది" అంటారు. "గాలి సోకింది" అనేవాళ్ళూ ఉంటారు. దగ్గు లేదు, జలుబు లేదు, ఊపిరి మాత్రం గుంజుతున్నది అంటే, అది పులుపును ఊదేసే ఊపిరి కావచ్చు. ఇది తాయెత్తుతో తగ్గేది కాదు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల లక్షల మంది కాందిశీకులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా వచ్చింది. సూది ద్వారా ఎక్కించే సెలైన్ చాలలేదు. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, తినే సోడా నీళ్ళలో కలిపి తాగించాడు. చుట్టాలే గ్లాసులతో పోశారు. నూటికి 30 దాకా ఉన్న చావులు 4 కన్నా తక్కువకు పడిపోయాయి.

ఆ నీళ్ళలో తినే సోడా ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. పోయిన క్షారాన్ని తిరిగి ఇవ్వడానికి. నేటి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లో దాని బదులు సిట్రేట్ అనే ఉప్పు ఉంటుంది. ఒంట్లోకి పోయాక అది బైకార్బొనేట్‌గా మారుతుంది. ప్యాకెట్ కూడా ఎక్కువ రోజులు చెడిపోకుండా ఉంటుంది.

ఇక్కడే చదువు అక్కరకు వస్తుంది. ప్యాకెట్ మీద రాసింది చదవండి. ఒక లీటరుకు కలిపేది ఉంటుంది, ఒక గ్లాసుకు కలిపేదీ ఉంటుంది. ఎంత నీళ్ళు అని రాస్తే అంతే కలపాలి. ఒక లీటరు నీళ్ళలో కలిపే మందులో నాలుగు ఉంటాయి. మామూలు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం ఉప్పు 1.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు. కాచి చల్లార్చిన నీళ్ళలో కలపండి. ఒక రోజు దాటితే పారబోయండి. తల్లిపాలు ఆపవద్దు.

కొన్ని తీపి పానీయాల డబ్బాల మీద కూడా ఓఆర్‌ఎస్ అని పెద్ద అక్షరాలతో రాసి అమ్మేవారు. వాటిలో చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ. విరేచనాల బిడ్డకు అవి పోస్తే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడింది. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ఇలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. చదివే తల్లి మోసపోదు. డబ్బా ముందు వైపే కాదు, వెనుక వైపు కూడా చదవాలి.

ప్యాకెట్ దొరకకపోతే ఒక లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చిన్న చెంచా, తలగొట్టి కొలవాలి. ఇందులో సిట్రేట్ ఉండదు. ప్యాకెట్ దొరికేదాకా దారి ఇది.

షుగరు జబ్బు: ఇన్సులిన్ ఆపితే

షుగరు ఉన్నవాళ్ళలో కొందరికి ఇన్సులిన్ సూది తప్పనిసరి. జ్వరం వచ్చింది, అన్నం తినలేదు, మరి సూది ఎందుకని మానేస్తారు. అదే పెద్ద ప్రమాదం. ఇన్సులిన్ లేకపోతే ఒళ్ళు చక్కెరను వాడుకోలేదు. కొవ్వును కాలుస్తుంది. కొవ్వు అలా కాలితే కీటోన్లు అనే ఆమ్లాలు పుడతాయి. నెత్తురు పుల్లబడుతుంది.

గుర్తులు ఇవి. దూప ఆగదు. మూత్రం మాటిమాటికీ వస్తుంది. కడుపునొప్పి, వాంతులు వస్తాయి. ఊపిరి లోతుగా, ఆగకుండా వస్తుంది. నోటి నుంచి మాగిన పండు వాసన వస్తుంది. తర్వాత మగత. ఈ లోతైన ఊపిరిని 1874లో జర్మనీ డాక్టరు కుస్‌మాల్ రాసి పెట్టాడు. ఆనాటికి మందు లేదు. 1922లో ఇన్సులిన్ మందుగా వచ్చింది. ఇప్పుడు మందు ఉంది. వేళకు దవాఖానకు చేరడమే కావాలి. జ్వరం వచ్చినా డాక్టరును అడగకుండా సూది మానవద్దు.

పాత బాయి: ఒకరి వెనుక ఒకరు

బొగ్గుపులుసు వాయువు మామూలు గాలి కన్నా బరువు. అందుకే కిందికి దిగి నిలుస్తుంది. నీళ్ళ బాయి అయినా, మూసిన గుంత అయినా, పాడుబడ్డ గని అయినా అంతే. పైన గాలిలో ఈ వాయువు నూటికి ఒక పాలులో చిన్న ముక్క, 0.04 పాలు మాత్రమే. అది నూటికి 5 పాళ్ళు అయితే ఆయాసం పట్టుకుంటుంది. తల పగిలినట్టు నొప్పి వస్తుంది. 10 పాళ్ళు అయితే నిమిషాల్లో స్పృహ పోతుంది. ఎంత ఊపిరి తీసినా లాభం లేదు. బయటి గాలే పులుపు అయినప్పుడు లోపలి పులుపు ఎక్కడికి పోతుంది? పైగా అక్కడ ప్రాణవాయువు కూడా తక్కువ ఉంటుంది.

పూడిక తీయడానికి ఒకరు దిగుతారు, పడిపోతారు. కాపాడాలని అన్న దిగుతాడు. ఆ వెనుక కొడుకు దిగుతాడు. ఇలా ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోతారు. దీపం దించి చూడటం పాత అలవాటు. దీపం ఆరితే దిగకూడదు. కానీ వెలిగినంత మాత్రాన మంచి గాలి అని కాదు. వేరే విష వాయువులు ఉండవచ్చు. మండే వాయువు ఉంటే దీపమే ప్రమాదం. బొగ్గు బాయిలో రెస్క్యూ మనుషులు గాలి సిలిండరు కట్టుకొని దిగుతారు. ఆ సామాను లేకుండా ఎవరూ దిగవద్దు. అగ్నిమాపక దళానికి 101 నంబరుకు ఫోను చేయండి.

ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కాపాడుకోవాలి

ఏళ్ళ తరబడి బొగ్గు దుమ్ము, రాతి దుమ్ము పీల్చితే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. బీడీ తోడైతే మరీ చెడు. రెండో కాపలా బలహీనపడుతుంది. బొగ్గుపులుసు నిలిచిపోతుంది. మూత్రపిండాలు కొన్ని రోజుల్లో సర్దుకొని బైకార్బొనేట్ పెంచి కాపాడుతాయి. అంటే మూడో కాపలావాడు రెండో వాడి పని కూడా నెత్తిన వేసుకుంటాడు. ఇలాంటి మనిషికి పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మగత, మాట తడబాటు వస్తే నిద్ర చాలలేదని వదిలేయవద్దు. డాక్టరుకు చూపించాలి. పనిలో ముక్కుకు మాస్కు కట్టాలి. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లే పని సరిగా జరగాలి. బీడీ మానాలి.

నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి అని చాలామంది రోజూ నొప్పి గోలీ వేస్తారు. డైక్లోఫెనాక్ లాంటి గోలీలు రోజుల తరబడి వేస్తే మూత్రపిండాలు దెబ్బ తింటాయి. ఎండలో చెమట కారి నీళ్ళు తగ్గిన ఒంటికి ఇంకా చేటు. మూత్రపిండాలు చెడితే ఆమ్లం పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడు ఎముకల్లోని సున్నం కరిగి పులుపును విరుస్తుంది. ఎముకలు గుల్లబారతాయి. డయాలసిస్ యంత్రం చేసే పనుల్లో ఒకటి, నెత్తురుకు బైకార్బొనేట్ అందించడం.

నమ్మకూడని మాటలు

"నిమ్మకాయ తింటే నెత్తురు పుల్లబడుతుంది" అంటారు. కాదు. మూత్రపిండాలు బాగుంటే తిండితో నెత్తురు పీహెచ్ మారదు. నిమ్మలోని పులుపు ఒంట్లో కాలిపోతుంది.

"క్షారపు నీళ్ళు తాగితే జబ్బులన్నీ పోతాయి" అని ఖరీదైన నీళ్ళు అమ్ముతారు. ఆ నీళ్ళు కడుపులోకి పోగానే అక్కడి ఆమ్లంలో కలిసిపోతాయి. నెత్తురు లెక్క మారదు. జేబు లెక్క మారుతుంది.

"పుల్ల తేన్పులు వస్తే తినే సోడా తాగు" అంటారు. ఎప్పుడో ఒకసారి అయితే వేరు. రోజూ తాగితే సోడియం పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్ళకు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు చేటు. క్షారం మరీ ఎక్కువైనా ఒళ్ళు ఓర్చదు. భయంతో వేగంగా ఊపిరి తీసేవాళ్ళకు బొగ్గుపులుసు మరీ తగ్గిపోతుంది. వేళ్ళు తిమ్మిరెక్కి కొంకర్లు పోతాయి. అది దయ్యం కాదు. కానీ మొదటిసారి వస్తే డాక్టరుకు చూపించి, వేరే జబ్బు లేదని తేల్చుకోవాలి.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకుందాం

జ్వరం చూడటానికి నుదుటి మీద చెయ్యి పెడతాం. ఊపిరి చూడటానికి గడియారం చాలు. మనిషి కదలకుండా, ఏడవకుండా ఉన్నప్పుడు చూడండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి.

పెద్దవాళ్ళకు కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20. పిల్లలకు ఎక్కువ ఉంటుంది. రెండు నెలల లోపు బిడ్డకు 60 గాని అంతకు మించి గాని ఉంటే ఎక్కువ. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. ఇంతకు చేరితే ఆలస్యం చేయవద్దు. అది నిమోనియా కావచ్చు, నెత్తురులో పులుపు కావచ్చు. ఏదో తేల్చేది దవాఖానలోని పరీక్ష. తొందరగా తీసుకుపోవలసింది ఇంట్లోవాళ్ళు. 108కి ఫోను చేస్తే బండి వస్తుంది.

దవాఖానలో అడిగితే చెప్పవలసిన మాటలు నాలుగు. ఊపిరి నిమిషానికి ఎన్ని. ఎప్పటి నుంచి. విరేచనాలు, వాంతులు ఎన్నిసార్లు. ఏ మందులు వాడుతున్నారు. అక్షరాలు వచ్చిన వాళ్ళు కాగితం మీద రాసుకొని పోండి. కంగారులో నోటికి రాని మాట కాగితం చెబుతుంది.

బాయిలో ఫ్యాను చప్పుడు మారితే పనివాళ్ళు చెవి పెట్టి వింటారు. ఇంట్లో మనిషి ఊపిరి చప్పుడు మారినా అలాగే వినాలి.

ఈ రోజు ఇంటికి పోయి చేయవలసినవి:

ఇంట్లో అందరి ఊపిరి ఒక నిమిషం లెక్కపెట్టి, పేరు పక్కన అంకె రాయండి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒకటి తెచ్చి, దాని మీద ఉన్నదంతా బయటికి చదవండి. ఎన్ని నీళ్ళలో కలపాలో పక్కింటివాళ్ళకు చెప్పండి.

పసుపు, సున్నం, నిమ్మకాయ తీసుకొని పిల్లలకు రంగు మారడం చూపించండి. నెత్తురు మాత్రం ఎందుకు మారదో వాళ్ళనే అడగండి. చెప్పలేకపోతే మీరు చెప్పండి.